మందుతోపాటే మిథైల్ పరీక్ష

మెదడు కణితుల్లో గ్లియోబ్లాస్టోమా మహా మొండిది. ఆపరేషన్, రేడియేషన్, టెమోజోలమైడ్ మాత్రలు అన్నీ అయినా సగానికి పైగా రోగులు ఏడాదిన్నర దాటడం గగనం. ఆ సగటు చాటున రెండు రకాల రోగులున్నారని 2005లోనే బయటపడింది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త మోనికా హెగీ బృందం 206 మంది కణితి ముక్కలను పరీక్షించింది. రేడియేషన్‌తోపాటు మాత్రలు వాడినవారిలో, ఎంజీఎంటీ అనే జన్యువు మొదట్లో మిథైల్ ముద్రలు (డీఎన్‌ఏకు అంటుకునే చిన్న రసాయన గుర్తులు) ఉన్నవారు 46 శాతం మంది రెండేళ్లు బతికారు. ముద్రల్లేనివారిలో ఆ గీత దాటింది 14 శాతమే.

కారణం వింటే ముల్లును ముల్లుతోనే తీయాలన్న మాట గుర్తొస్తుంది. ఆ మాత్ర కణితి డీఎన్‌ఏకు మిథైల్ అంటించి దాన్ని దెబ్బతీస్తుంది. ఎంజీఎంటీ తయారుచేసే ప్రొటీన్ ఆ అతుకును పీకేసి మరమ్మతు చేస్తుంది. ఒంటికి మేలుచేసే ఈ మేస్త్రీ కణితిలో మాత్రం శత్రువుకే కొమ్ముకాస్తాడు. జన్యువు మీదే మిథైల్ పడితే మేస్త్రీ పనిలోకి రాడు, మందు పారుతుంది.

ఇది ఒక్క జన్యువుతో ఆగే కథ కాదు. 2018లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ బృందం 2,801 నమూనాల మిథైల్ అమరికలతో కణితులను పోల్చుకునే పద్ధతి రూపొందించింది. దాంతో 1,104 కేసులను చూస్తే 12 శాతం దాకా రోగ నిర్ధారణే మారింది! జబ్బు పేరే తప్పయితే బతుకు లెక్క ఎలా సరిపోతుంది?

రేడియేషన్, మాత్రలు రెండూ కలిపి తట్టుకోలేని వృద్ధుల విషయంలో ఈ పరీక్ష మరీ కీలకం. ముద్రలుంటే మాత్రలు బాగా పనిచేస్తాయని 2012లో ఐరోపాలో వెలువడిన రెండు అధ్యయనాలు చెప్పాయి. లేకుంటే రేడియేషన్ మేలని వాటిలో ఒకటి తేల్చింది. అలాగని ముద్రల్లేని ప్రతి రోగికీ మందు ఆపేయమనడం లేదు. హెగీ అధ్యయనంలోనే, మాత్రలు లేకుండా రేడియేషన్ మాత్రమే పొందిన అలాంటివారిలో రెండేళ్లు దాటినవారు 2 శాతం కూడా లేరు. 14 శాతం విలువ అక్కడ తెలుస్తుంది.

ప్రజల సొమ్ముతో మందు కొనే ప్రభుత్వాలు ఈ పరీక్ష ఖర్చునూ అందులోనే కలిపి లెక్కవేయాలని మా అభిప్రాయం. ఆస్పత్రులకూ ఒక మాట. పరీక్షకు కొత్తగా ఆపరేషన్ అక్కర్లేదు, బయాప్సీ తర్వాత మైనంలో భద్రపరిచిన ముక్క చాలు. ఆ బ్లాక్‌ను జాగ్రత్త చేసి, అడిగిన వెంటనే రోగి చేతికివ్వాలి.