డాగ్ రివర్ రచ్చబండ, కిమ్ గారి కొట్టు

2007 జనవరిలో మేం కెనడాలో, టొరాంటో నగరంలోని స్కార్‌బరోలో ఒక బేస్‌మెంట్‌లో దిగాం. మావారు పొద్దున ఏడింటికి వెళ్తే రాత్రి ఎనిమిదికి గానీ వచ్చేవారు కాదు. బాబుకి అప్పుడు రెండేళ్ళు. కిటికీ అంటే గోడ పైభాగాన జానెడు అద్దం, అది కూడా సగం దాకా మంచుతో కప్పేసి ఉండేది. కేబుల్ పెట్టించుకునే స్తోమత లేదు. ఇంటావిడ ఒక పాత టీవీ ఇచ్చింది, దానిమీద పెట్టుకోవడానికి రెండు కొమ్ముల యాంటెన్నా కూడా. సీబీసీ, సీటీవీ, ఇంకో నాలుగైదు చానళ్ళు ఉచితంగా వచ్చేవి. ఈ దేశంలో నాతో రోజూ మాట్లాడిన మొదటి మనుషులు ఆ టీవీలో వాళ్ళే.

మన తెలుగు సంఘం పత్రిక ఈ సంచికకి ఏదైనా రాయమన్నప్పుడు ముందు తెలుగు బడి గురించి రాద్దామనుకున్నాను. తర్వాత మనసు మార్చుకున్నాను. కెనడా టీవీలో నాకు ఇష్టమైన పాత్రల గురించీ, వ్యాఖ్యాతల గురించీ రాస్తాను. ఎందుకంటే ఇది చాలాకాలంగా నన్ను తొలిచేస్తున్న విషయం. పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళుగా ఇక్కడ ఉంటున్నా ఈ దేశపు కార్యక్రమం ఒక్కటి కూడా చూడని ఇళ్ళు నాకు తెలిసినవే చాలా ఉన్నాయి. హాల్లో తెలుగు సీరియల్, పైగదిలో పిల్లలకి అమెరికా షోలు, ఫోన్లో హైదరాబాద్ ఇంటర్వ్యూలు. పక్కింటివాళ్ళు ఎవర్ని చూసి నవ్వుతారో, ఎవరు పోతే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారో మనకి తెలియదు. ఇది మనకి నష్టమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సోమవారం రాత్రి సీటీవీలో 'కార్నర్ గ్యాస్' వచ్చేది. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో డాగ్ రివర్ అనే కల్పిత ఊరు. చుట్టూ చేలు, ఎంత దూరం చూసినా కొండ కనపడని నేల. బ్రెంట్ అనే ఆయనకి పెట్రోలు బంకు ఉంటుంది, దానికి ఆనుకుని రూబీ అనే చిన్న హోటలు. 2004 నుంచి 2009 దాకా 107 ఎపిసోడ్లు నడిచిన ఆ కథలో పెద్ద సంఘటన అంటూ ఏదీ జరగదు. మనుషులు కాఫీ ముందు కూర్చుని మాట్లాడుకుంటారు, అంతే.

మొదటి వారం నాకు సగం అర్థం కాలేదు. రెండో వారం ఆస్కార్‌ని చూశాక తట్టింది, ఇది మన రచ్చబండే కదా అని. ఆస్కార్ అంటే బ్రెంట్ తండ్రి, రిటైరైన పెద్దాయన. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఎవర్నో ఒకర్ని గాడిదా అని తిట్టకపోతే ఆయనకి రోజు గడవదు. మా తెనాలిలో అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళందర్నీ అదిలించే తాతయ్యలు గుర్తొచ్చారు. పక్క ఊరు వుల్లర్టన్ పేరు ఎవరైనా ఎత్తారంటే డాగ్ రివర్ జనం అందరూ ఒకేసారి పక్కకి తిరిగి ఉమ్మేస్తారు. పక్కూరితో కబడ్డీ పోటీల్లో గొడవ పడి పదేళ్ళు మాటల్లేకుండా ఉన్న ఊళ్ళు మనకి కొత్తా? ఆ బేస్‌మెంట్‌లో ఒక్కదాన్నే కూర్చుని పైకి వినపడేంతగా నవ్వాను. కెనడా వచ్చాక అలా నవ్వడం అదే మొదలు.

వాళ్ళలో నాకు అందరికన్నా దగ్గరైంది వాండా. బాగా చదువుకున్న మనిషి, ఊళ్ళో అందరికన్నా తెలివైంది, బంకులో గల్లాపెట్టె దగ్గర నిలబడి చిల్లర లెక్కపెడుతూ ఉంటుంది. దానికి సిగ్గుపడదు, ఎవర్నీ లెక్కచేయదు. ఎమ్మెస్సీ చదివి, ఆ ఏడాదే ఒక కాఫీ షాపులో కప్పులు అందించే పనికి వెళ్ళిన నాకు వాండా ఎంత ధైర్యం ఇచ్చిందో మాటల్లో చెప్పలేను.

2013లో సస్కాచెవాన్ రాజధాని రెజీనాలో ఉన్న స్నేహితుల దగ్గరికి వెళ్ళినప్పుడు షూటింగ్ జరిగిన రూలో అనే ఊరు చూపించమని పట్టుబట్టాను. ధాన్యం నిలవచేసే ఎలివేటర్ గోడమీద పెద్ద అక్షరాలతో డాగ్ రివర్ అని రాసి ఉంది. బంకు ముందు నిలబడి ఫోటో తీసుకున్నాం. 2016లో ఆ బంకుని కూల్చేశారు, తర్వాత ఎలివేటర్ కూడా అగ్నిప్రమాదంలో పోయింది. ఆ ఫోటో ఇప్పటికీ మా హాల్లో ఉంది.

మేం దిగిన నెలలోనే సీబీసీలో 'లిటిల్ మాస్క్ ఆన్ ది ప్రైరీ' మొదలైంది. సస్కాచెవాన్‌లోనే మర్సీ అనే ఇంకో కల్పిత ఊరు, అక్కడ చర్చి హాలు అద్దెకి తీసుకుని నమాజు చేసుకునే కొద్దిమంది ముస్లింలు. జర్కా నవాజ్ సృష్టించిన కథ అది. మన రంగు మనుషులు టీవీలో నేరస్థులుగానో టాక్సీ డ్రైవర్లుగానో కాకుండా, కూతురి బట్టల గురించి గొణుక్కునే తండ్రిగా, హోటలు నడిపే ఆవిడగా కనిపించడం నేను అక్కడే చూశాను. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

తర్వాత మా ఇల్లంతా కలిసి చూసింది 'కిమ్స్ కన్వీనియెన్స్'. 2011లో టొరాంటో ఫ్రింజ్ నాటకోత్సవంలో ఇన్స్ చోయ్ వేసిన నాటకం అది, 2016లో సీబీసీకి వచ్చింది. టొరాంటోలో ఒక కొరియన్ కుటుంబం, వాళ్ళ కిరాణా కొట్టు. నాన్నని పిల్లలు 'అప్పా' అంటారు, అమ్మని 'ఉమ్మా' అంటారు. మా అత్తయ్య గారి పుట్టిల్లు హిందూపురం. కన్నడం కలిసిన ఆ వైపు ఇళ్ళలో తండ్రిని అప్పా అని పిలవడం ఆవిడకి బాగా తెలుసు. ఇక్కడికి వచ్చినప్పుడు ఒక సాయంత్రం మాతో కూర్చుని చూస్తూ ఆ పిలుపు విని ఉలిక్కిపడ్డారు. "వీళ్ళు మనవైపు వాళ్ళేమే?" అని అడిగారు. ఇంగ్లీషు రాకపోయినా ఆ తర్వాత ఒక్క ఎపిసోడ్ కూడా వదల్లేదు. అప్పా మాట్లాడే తీరు, అలగడం, డబ్బు దగ్గర పట్టుదల, కూతురు ఫోటోగ్రఫీ చదువుతానంటే పడే ఆదుర్దా, ఇవన్నీ అర్థం కావడానికి ఆవిడకి ఇంగ్లీషు అవసరం పడలేదు.

అప్పా పాత్ర వేసిన పాల్ సన్-హ్యుంగ్ లీ మామూలుగా మాట్లాడే ఇంగ్లీషులో ఆ యాస ఉండదు. పాత్ర కోసం తన ముందు తరం గొంతు తెచ్చుకున్నాడు. యాసని చూసి నవ్వించడం తేలిక. ఆయన నవ్వించింది అప్పా మొండితనంతో, పొగరుతో, కొడుకు మీద బయటికి చెప్పుకోలేని ప్రేమతో. తండ్రీ కొడుకులకి ఏళ్ళ తరబడి మాటలుండవు. తల్లి మధ్యలో చాటుగా కొడుకుని కలిసి వస్తుంటుంది. మన సంఘంలో అలాంటి ఇల్లు ఒకటి నాకు తెలుసు. ఆ తండ్రి మా ఇంట్లో ఒకరోజు ఈ షో చూస్తూ లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు. మేం ఎవరం ఏమీ అడగలేదు.

ఆరో సీజన్‌కి సీబీసీ ఒప్పుకున్నా, కథ సృష్టించినవాళ్ళు తప్పుకోవడంతో 2021లో అయిదోదే ఆఖరని ఆపేశారు. ఆ తర్వాత ఉమ్మా పాత్ర వేసిన జీన్ యూన్, కొడుకు పాత్ర వేసిన సిము లియూ బహిరంగంగానే ఒక మాట చెప్పారు: రాసేవాళ్ళలో తమలాంటి నేపథ్యం ఉన్నవాళ్ళు సరిపడా లేరని. తెరమీద అంత బాగా కనిపించిన కుటుంబానికే తెరవెనక ఆ లోటు ఉందంటే నాకు చాలా బాధేసింది. మన ఇంటి ఆడపిల్ల ఒకతె టీవీ రచన చదువుతానంటే మనం ఎంత టెన్షన్ పడతామో ఆలోచించండి. అప్పా ఫోటోగ్రఫీ గురించి పడినంత టెన్షనే. కనీసం మన సంఘం ఇచ్చే స్కాలర్‌షిప్పుల్లో ఒకటి అలాంటి చదువుకి పెట్టాలని నేను ఈ పేజీలోనే అడుగుతున్నాను.

పాత్రలంటే రచయిత రాసిచ్చిన మాట చెబుతారు. వ్యాఖ్యాత నేరుగా మన కళ్ళలోకి చూసి మాట్లాడతాడు. అందుకే అక్కడ 'మనం' ఎవరు అనేది ముఖ్యం. ఇంగ్లీషులో 'వీ' అనే ఒక్క మాటతో సరిపెడతారు. మనకి రెండున్నాయి. 'మేము' అంటే ఎదుటివాడు బయట ఉన్నాడు, 'మనం' అంటే లోపలే ఉన్నాడు. టీవీలో ఎవరైనా 'వీ' అన్నప్పుడల్లా అది మేమా, మనమా అని నా చెవి వెతుకుతుంది.

2004లో సీబీసీ 'ది గ్రేటెస్ట్ కెనడియన్' అని ఓటింగ్ పెట్టింది. అందులో అయిదో స్థానం డేవిడ్ సుజుకిది, ఏడోది డాన్ చెర్రీది. ఇద్దరూ టీవీతోనే ఇంటింటికీ తెలిసినవాళ్ళు. చెర్రీ శనివారం రాత్రి, మంచు మీద ఆడే హాకీ మ్యాచ్ మధ్యలో రంగురంగుల కోట్లు వేసుకుని గట్టిగా మాట్లాడే పెద్దాయన. మా పాత వీధిలో వాళ్ళకి ఆయనంటే ప్రాణం. 2019 నవంబరులో, అమరవీరుల స్మారక దినానికి ముందు, వలస వచ్చినవాళ్ళు సైనికుల స్మృతికి కోటుకి పెట్టుకునే ఎర్ర పాపీ పువ్వు కొనుక్కోరని, 'మీరు' అని వేలెత్తి చూపినట్టు మాట్లాడారు. రెండు రోజుల్లో ఆయన్ని తీసేశారు. ఆ రాత్రి నా కోటుకి పాపీ ఉంది. బాబు కోటుకీ ఉంది, బళ్ళో ఇచ్చారు. వేలు మాత్రం మావైపే తిరిగింది. ఆయన అభిమానులు ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటారు, వాళ్ళతో నాకు గొడవ లేదు. కానీ ఆ 'మీరు' నేను మర్చిపోలేదు.

సుజుకి కథ వేరు. వాంకూవర్‌లో పుట్టిన మూడో తరం జపనీస్ కెనడియన్. రెండో ప్రపంచయుద్ధంలో ఈ దేశ ప్రభుత్వమే ఆ కుటుంబాన్ని ఇంటినుంచి తరలించి, కొండల మధ్య స్లోకన్‌లో నిర్బంధ శిబిరంలో పెట్టింది. అప్పుడు ఆయనకి ఆరేళ్ళు. ఆ పిల్లాడు పెద్దయి జన్యుశాస్త్రవేత్త అయ్యాడు. 1979 నుంచి 2023 దాకా 'ది నేచర్ ఆఫ్ థింగ్స్' నడిపాడు. తనని బయటికి నెట్టిన దేశంతో నలభై నాలుగేళ్ళ పాటు మన నదులు, మన అడవులు, మన చేపలు అని మాట్లాడాడు. నాకు ఆ గొంతులో వినిపించింది 'మనం' అనే మాటే. ఈ దేశపు టీవీలో నాకు అందరికన్నా గౌరవం ఉన్న వ్యాఖ్యాత ఎవరంటే రెండో ఆలోచన లేకుండా ఆయన పేరే చెబుతాను.

ఇంకో పెద్దాయన్ని నేను టీవీలో చూడనేలేదు. కొన్నేళ్ళ తర్వాత డేకేర్‌లో ఉద్యోగానికి చేరినప్పుడు, పిల్లల వేషాల బట్టలు పెట్టే పెట్టెని తోటి టీచర్లందరూ 'టికిల్ ట్రంక్' అనేవారు. నాకు ఒక్కదానికే తెలియలేదు. మన ఇళ్ళలోనూ ట్రంకు పెట్టె అనే మాట ఉంది కాబట్టి మాట వరకు అర్థమైంది, వాళ్ళ మొహాల్లో వెలుగు ఎందుకో తెలియలేదు. అది సీబీసీ పిల్లల కార్యక్రమంలో మిస్టర్ డ్రెసప్ పెట్టె. మిస్టర్ డ్రెసప్‌గా ఎర్నీ కూంబ్స్ 1967 నుంచి 1996 దాకా ఆ పెట్టె తెరిచి, అందులో బట్టలు వేసుకుని, బొమ్మలు గీసి ఈ దేశపు పిల్లల్ని పెంచాడు. ఆయన పుట్టింది అమెరికాలో. కెనడా పౌరసత్వం తీసుకుంది 1994లో. అంటే ఈ దేశం అంతగా ప్రేమించిన ఆ మామయ్య కూడా మనలాగే వచ్చినవాడు.

ఇక హాకీ. మనలో చాలామంది అది మన ఆట కాదు, క్రికెట్ చాలు అంటారు. పంజాబీ వాళ్ళు అలా అనుకోలేదు. 2008లో సీబీసీ పంజాబీలో హాకీ ప్రసారం మొదలుపెట్టింది, తర్వాత అది ఓమ్నీ అనే బహుభాషా చానల్‌కి మారింది. ఆల్బర్టాలో బ్రూక్స్ అనే చిన్న ఊళ్ళో పుట్టిన హర్నారాయణ్ సింగ్ మొదట్లో ప్రతి వారాంతం కాల్గరీ నుంచి టొరాంటోకి సొంత డబ్బుతో విమానం ఎక్కి వచ్చి కామెంటరీ చెప్పేవాడు. 2016 స్టాన్లీ కప్ ఫైనల్స్‌లో పిట్స్‌బర్గ్ ఆటగాడు నిక్ బోనీనో గోల్ కొట్టినప్పుడు అతని పేరునే ఊపిరి ఆడకుండా బోనీనో, బోనీనో అని అరిచిన ఆ కేక దేశమంతా తిరిగింది. పిట్స్‌బర్గ్ జట్టు గెలిచాక ఆ పంజాబీ బృందాన్ని తమ ఊరికి పిలిచి వేడుకలో నిలబెట్టింది. వాళ్ళు ఆటకి భాష కూడా తయారుచేసుకున్నారు. కర్రలతో కొట్టే గుండ్రటి రబ్బరు ముక్కని, అంటే పక్‌ని, టిక్కీ అంటారు, ఆలూ టిక్కీలోని టిక్కీ.

మనం ఏమంటాం? ఈ ప్రశ్న పోయిన చలికాలం మా ఇంట్లో వచ్చింది. బాబు యూనివర్సిటీ నుంచి వచ్చాడు, అత్తయ్య గారు కూడా ఇక్కడే ఉన్నారు. టొరాంటో మ్యాచ్ నడుస్తోంది. వాడు టీవీ గొంతు తగ్గించి, వాళ్ళ అవ్వ కోసం తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. పక్ అనే మాట దగ్గర ఆగి నావైపు చూశాడు. కర్రాబిళ్ళ ఆడి పెరిగిన మావారు వంటింట్లోంచే "బిళ్ళ అనరా" అని కేకేశారు. అంతే, వాడు అందుకున్నాడు. బిళ్ళ తీసుకున్నాడు, పక్కవాడికి అందించాడు, మళ్ళీ లాక్కున్నాడు, లాగి కొట్టాడు. అత్తయ్య గారు శాలువా సర్దుకుని కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకున్నారు.

"అదంతా సరే, మనవాళ్ళవి ఏ రంగు చొక్కాలో ముందు చెప్పరా" అన్నారు.

"నీలం, అవ్వా."