చూడొద్దని చెప్పాం కద సార్!

పోయిన వారం ఒకరోజు రాత్రి ఒంటిగంటకి మా బాబు ఏడుస్తూ లేచాడు. కళ్ళు తెరవలేడు, మూసినా ఉండలేడు. "నాన్నా, కళ్ళల్లో ఇసుక పడింది" అంటాడు. మంచం మీద ఇసుక ఎక్కడిది? లైటు వేస్తే దిండులో మొహం దాచుకుని ఇంకా గట్టిగా ఏడ్చాడు. చూస్తే కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, నీళ్ళు ఆగడం లేదు. కాసేపటికి మా ఆవిడకి గుర్తొచ్చింది. సాయంత్రం ఐదున్నరకి ఎదురింటి గేటుకి వెల్డింగ్ చేస్తుంటే వీడు అరుగు మీద కూర్చుని ఆ మెరుపులు చూశాడట.

అందరూ దెబ్బతినేది ఇక్కడే. కంట్లో కారం పడితే వెంటనే మండుతుంది, తెలిసిపోతుంది. వెల్డింగ్ వెలుగు అలా కాదు. అందులో మనకి కనిపించని అతినీలలోహిత కిరణాలు నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరని కమిలిస్తాయి, ఎండకి వీపు కమిలినట్టు. నొప్పి మాత్రం చాలావరకు 6 నుంచి 12 గంటల తర్వాత మొదలవుతుంది. అప్పటికి వెల్డింగ్ చేసినవాడు ఇంటికెళ్ళి హాయిగా పడుకుని ఉంటాడు.

ఇక వైద్యాలు. ఏడుపు విని వచ్చిన పక్కింటి పిన్నిగారు బంగాళాదుంప చక్రాలు పెట్టమన్నారు. పై వాటా మామ్మగారు ఆముదం అన్నారు. ఊరినుంచి ఫోన్లో మా అక్కయ్య చనుబాలు పిండమంది, ఆ వేళప్పుడు నేనెక్కడ తెచ్చేది! నేను మాత్రం తక్కువ తిన్నానా? రాత్రంతా తెరిచి ఉండే మందుల షాపుకి పరుగెత్తి, అతనిచ్చిన చుక్కలు తెచ్చి వేశాను. నిమిషంలో ఏడుపు ఆగింది. అరగంటకి మళ్ళీ మొదలు, మళ్ళీ వేశాను. తెల్లారేలోపు ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు.

పొద్దున కంటి డాక్టరుగారు ఆ సీసా చూసి, "ఇది మీకు ఎవరిచ్చారు?" అని గట్టిగా అడిగారు. అది కంటిని మొద్దుబార్చే మందట. పరీక్ష చేసేటప్పుడు వాళ్ళు ఒకటి రెండు చుక్కలు వాడతారు. ఇంట్లో పదేపదే పోస్తే ఉన్న పుండు మానదు సరికదా, నల్లగుడ్డే పాడవుతుంది. తర్వాత నారింజ రంగు కాగితం ముక్క ఒకటి తడిపి బాబు కంటికి తాకించి, నీలం లైటు వేసి నన్ను చూడమన్నారు. బొంబాయి రవ్వ చల్లినట్టు కంటినిండా సన్నటి పచ్చటి చుక్కలు. పొర లేచిపోయిన చోటల్లా అలా మెరుస్తుందట. నాకు కాళ్ళలో సత్తువ పోయింది. ఆయింట్‌మెంట్, చల్లటి తడిగుడ్డ, చీకటి గది. అంతే వైద్యం. రెండు రోజుల్లో మళ్ళీ వీధిలో పడ్డాడు.

నేను మాత్రం ఊరుకోలేదు, ఆ వెల్డింగ్ షాపుకి వెళ్ళాను. ఓనరు తొణక్కుండా అన్న మాటే ఈ పోస్టుకి పేరు. చూడొద్దని చెప్పాడట! వీధి మధ్యలో పిడుగులాంటి మెరుపు మెరిపిస్తూ ఎనిమిదేళ్ళ పిల్లాడిని చూడొద్దంటే ఎలా? పెద్దవాళ్ళమే తల తిప్పుతాం. స్కూటర్ మీద పోయేవాడు, బడినుంచి వచ్చే పిల్లలు, బస్సు కోసం నిలబడ్డ ముసలాయన, వీళ్ళంతా కళ్ళు మూసుకుని నడవాలా? వెలుగు పుట్టించేవాడే దానికి అడ్డం పెట్టాలి. ఒక్క రేకు ముక్క చాలు.

ఇంకా నాలుగు దులుపుదామనుకుంటుండగా అక్కడ పనిచేసే కుర్రాడు కనిపించాడు. పద్దెనిమిది ఉంటాయేమో. ఒక చేత్తో అతికించాల్సిన ఇనప యాంగ్లర్ పట్టుకున్నాడు, రెండో చేతిలో వెల్డింగ్ రాడ్డు హోల్డరు. ఇక మొహానికి అడ్డంగా షీల్డు పట్టుకోవడానికి చెయ్యేది? తల పక్కకి తిప్పి, కళ్ళు గట్టిగా మూసుకుని టాకు (చిన్న అతుకు) వేశాడు. మెడ ఒకవైపంతా కమిలి నల్లబడింది. జేబులో ఫుట్‌పాత్ మీద కొన్న కూలింగ్ గ్లాసెస్. ఆ పనికి నలుపులో 10 నంబరు, ఆపైన ఉండే అద్దం కావాలి, అదీ తలకి తగిలించుకునే హెల్మెట్‌లో. "రాత్రి మండవా?" అంటే, "మండుతాయన్నా, అలవాటైపోయింది" అన్నాడు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే 35వ సెక్షన్ కింద, తీవ్రమైన వెలుగు ఉండే పనికి తెరలో కళ్ళద్దాలో తప్పనిసరి చేసేందుకు ప్రభుత్వాలకి అధికారం ఇచ్చారు. కానీ ఇద్దరు పనిచేసే ఆ షాపు చట్టం లెక్కలో ఫ్యాక్టరీయే కాదు.

సాయంత్రం మా మేడమీద పడి ఉన్న పాత రేకు నేనే మోసుకెళ్ళి ఇచ్చాను. ఓనరు థాంక్స్ కూడా చెప్పాడు. నిన్న అటు వెళ్తే ఎప్పట్లాగే రోడ్డు మీదే వెల్డింగ్ జరుగుతోంది. నా రేకు మాత్రం ఓనరు బండి మీద వాల్చి ఉంది, ఎండకి సీటు కాలకుండా.