నీటి మాంసాహార మొక్కలకు ఆర్వో నీరు ఒక్కటే చాలదు

వేరు లేకుండా నీటిలో తేలుతూ చిన్న నీటి పురుగులను పట్టి తినే యుట్రిక్యులేరియా, ఆల్డ్రోవాండా మొక్కల గురించి విజయవాడ, గుంటూరు మొక్కల ప్రియుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా విరివిగా తిరుగుతోంది. ఆర్వో నీటిలో నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే సరిపోతుందని, ఆర్వో లేనివారు కుళాయి నీటిని కాచి చల్లార్చి వాడవచ్చని, పురుగులు తినే మొక్క గనుక నీటిలో ఇంకేమీ అక్కరలేదని దాని సారాంశం. ఇందులో ఆర్వో మాట కొంతవరకు నిజం. మిగిలినవాటిని నమ్మితే మొక్క దక్కదు.

అసలు పొరపాటు చివరి మాటలోనే ఉంది. పురుగుల వల్ల మొక్కకు దక్కేవి ముఖ్యంగా నత్రజని, భాస్వరం. ఒంటికి కావలసిన కర్బనాన్ని అది ఎండ సాయంతో నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ నుంచే చాలావరకు సమకూర్చుకోవాలి; హైడ్రిల్లా అనే నీటి మొక్కలా, నీటిలో కరిగిన లవణాల్లో ఉండే బైకార్బొనేట్‌ను వాడుకునే శక్తి ఈ మొక్కలకు లేదు. పొటాషియంను కూడా చాలావరకు నీటి నుంచే పీల్చుకుంటాయి. ఈ మొక్కలపై దశాబ్దాలుగా పరిశోధించిన చెక్ శాస్త్రవేత్త లుబొమీర్ ఆడమెట్స్, వీటి పెంపకంలో కార్బన్ డయాక్సైడ్ సమృద్ధిగా ఉండడం ఎంత కీలకమో పదే పదే చూపించారు.

ఆర్వో నీటిలో హాని చేసే లవణాలు తక్కువే, కానీ ఆ కార్బన్ డయాక్సైడ్ కూడా తగినంత నిలవదు. దాన్ని నిలకడగా అందించేది కుళ్లుతున్న ఆకు. కాలువ గట్టున పెరిగే జమ్ము, తుంగ ఆకులను పూర్తిగా ఎండబెట్టి, కడిగి, తొట్టి అడుగున పలుచగా పరచాలి. కొద్ది రోజులకు నీరు పలుచని టీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు వెలుతురును కొంత అడ్డుకుని నాచును కూడా అదుపులో ఉంచుతుంది. పచ్చి ఆకులు వేస్తే మాత్రం నీరు కంపు కొడుతుంది. చేపల తొట్టిలో పెట్టినట్టు గాలి పంపు పెట్టకూడదు, ఎందుకంటే ఆకులు విడుదల చేసిన వాయువును ఆ బుడగలే బయటికి తరిమేస్తాయి. ఇంకొక జాగ్రత్త: వంటింటి ఆర్వో యంత్రాల్లో కొన్ని రుచి కోసం కొంత ముడి నీటిని తిరిగి కలుపుతాయి, కాబట్టి నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరుతో ఒకసారి కొలిచి చూడడం మంచిది.

నిమ్మరసం విషయానికి వస్తే, బోరు నీటిలోని బైకార్బొనేట్ ఆ కొద్దిపాటి ఆమ్లాన్ని మింగేస్తుంది. ఆర్వో నీటిలోనైతే దాన్ని ఆపేది లేక పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది, అంటే నీరు మరీ ఆమ్లంగా మారుతుంది. పైగా రసంలోని చక్కెరలు, సిట్రిక్ ఆమ్లం బాక్టీరియాకు మేతగా మారి నీటిని తెల్లగా మసకబారుస్తాయి.

కాచిన నీటిది మరో కథ. గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం చూసి కాఠిన్యమంతా పోయిందనుకుంటారు. పోయేది బైకార్బొనేట్ల వల్ల వచ్చిన తాత్కాలిక కాఠిన్యం మాత్రమే; సల్ఫేట్లు, క్లోరైడ్లు అలాగే ఉండి, ఆవిరైన నీటి మేరకు మరింత చిక్కబడతాయి. మొక్కకు అత్యవసరమైన కార్బన్ డయాక్సైడ్ ఆ మరుగులోనే ఎగిరిపోతుంది.

ఆర్వో లేనివారికి వాన నీరే సరైన దారి. తొలి జల్లుకు డాబా కడుక్కుపోనిచ్చి, తరువాతి వానలో పట్టి, మూత వేసి నిల్వ చేసుకోవాలి. మే నెల ఎండలకు తొట్టిలో తగ్గిన నీటిని ఆ నీటితోనే భర్తీ చేయాలి. బోరు నీటితో నింపితే ప్రతిసారీ లవణాలు పోగుపడతాయి.