ఎండిన చేనుపై పెనుగాలి

2015లో దక్షిణ పసిఫిక్‌ దీవుల దేశం ఫిజీలో పడమటి తీరాన చెరకు తోటలు నిలువునా వాడిపోయాయి. పసిఫిక్‌ మధ్య, తూర్పు భాగాల్లో సముద్రం మామూలుకన్నా వేడెక్కే ఎల్‌నినో వల్ల వానలు మొహం చాటేశాయి. చాలా ఊళ్లకు తాగునీటిని బండ్ల మీద మోసుకెళ్లాల్సి వచ్చింది. ఆ ఎండిన నేల మీదికే 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్‌ తుపాను విరుచుకుపడింది. దాని గాలి గరిష్ఠంగా గంటకు 280 కిలోమీటర్ల వేగం అందుకుంది. దక్షిణార్ధగోళంలో అంత బలంతో తీరం తాకిన తుపాను అంతకుముందు నమోదు కాలేదు. 44 మంది ప్రాణాలు పోయాయి. సుమారు 40 వేల ఇళ్లు కూలాయి లేదా దెబ్బతిన్నాయి. దేశ జనాభాలో 62 శాతం మందికి ఏదో ఒక నష్టం తప్పలేదు. ఎల్‌నినో ఏడాదిలో వానలు తగ్గుతాయన్న లెక్క తప్పలేదు. కానీ ఆ ఒక్క రోజు దేశాన్ని కుదేలు చేసింది.

తుపాను కాలానికి ముందు ఎన్ని తుపానులు, ఎంత వాన అన్న అంచనాను ఫిజీ వాతావరణ శాఖ ప్రకటించినప్పుడల్లా మాకు ఆ ఏడాది గుర్తొస్తుంది. అక్కడ నవంబరు నుంచి ఏప్రిల్‌ దాకా వానలూ తుపానులూ కలిసే వస్తాయి. సగటున పదేళ్లలో 10 నుంచి 15 తుపానులు ఆ దేశంలో ఎక్కడో ఒకచోట ప్రభావం చూపుతాయి. వాటిలో తీవ్రంగా నష్టపరిచేవి రెండు నుంచి నాలుగు. ‘ఈసారి మామూలుకన్నా తక్కువ’ అన్న మాట చెవిన పడగానే మనిషి మనసు తేలికపడుతుంది. ప్రభుత్వాల మనసు కూడా అంతే. మా భయమంతా ఆ ఊరట గురించే.

అంచనా వెనక ఉన్న శాస్త్రం గట్టిదే. సాలమన్‌ దీవుల నుంచి ఫిజీ, సమోవాల వైపు ఏటవాలుగా ఒక మేఘాల పట్టీ పరుచుకుని ఉంటుంది. ఎల్‌నినోలో అది ఈశాన్యానికి జరుగుతుంది, ఫిజీకి వాన తగ్గుతుంది. అదే సముద్రం మామూలుకన్నా చల్లబడే లానినాలో నైరుతికి దిగుతుంది, ఏర్లు పొంగుతాయి. 2012లో నాండి పట్టణం జనవరిలో ఒకసారి, మార్చి చివర మరోసారి మునిగింది లానినా కాలంలోనే. అయితే పెను తుపానుకు ఈ తేడా పట్టదు. విన్‌స్టన్‌ ఎల్‌నినోలో వచ్చింది. 2020 డిసెంబరు 17న వనువా లెవు దీవిలోని బువా ప్రాంతాన్ని చదును చేసిన యాసా తుపాను లానినాలో వచ్చింది. రెండూ తుపానుల కొలతలో అన్నిటికన్నా పైదైన అయిదో శ్రేణివే. యాసా గాయం మానకముందే, నెలన్నరకు, ఆనా తుపాను వరద తెచ్చింది.

విన్‌స్టన్‌ నడిచిన దారి చూడండి. వనువాటు దగ్గర పుట్టి, ఫిజీని దాటి, టోంగాలోని వవావు దీవుల వైపు తూర్పుగా వెళ్లిపోయింది. పీడ విరగడైంది అనుకునేలోగా వెనుదిరిగి, వవావును రెండోసారి తాకి, నేరుగా ఫిజీ మీదికి వచ్చింది. నెలల ముందు వేసే ఏ అంచనా ఈ మలుపును చెప్పలేదు. అది రోజువారీ హెచ్చరికల పని. ఆ పనికి ప్రపంచంలో ఆరు ప్రాంతీయ తుపాను కేంద్రాలు ఉన్నాయి, మన బంగాళాఖాతాన్ని చూసే దిల్లీ ఒకటి, నాండి మరొకటి. ఊరు ఎప్పుడు ఖాళీ చేయాలో ఆ హెచ్చరిక చెబుతుంది. ఊరిని నిలబెట్టే సరంజామాకు డబ్బు ఎప్పుడు కదలాలో చెప్పాల్సింది మాత్రం కాలం మొదట్లో వచ్చే అంచనాయే.

ఆ పడమటి చెరకు నేలతో తెలుగువారికి పేగుబంధం ఉంది. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కిన గిర్మిట్‌ (ఒప్పంద) కూలీలలో తెలుగువారూ ఉన్నారు. మన కార్తెలు అక్కడ తలకిందులు. మనకు వరి కోతలయ్యే వేళకు వాళ్లకు వానాకాలం మొదలవుతుంది. కొండలు తేమగాలిని అడ్డుకోవడం వల్ల తూర్పున రాజధాని సువాలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడితే, నాండి వైపు మూడింట రెండు వంతులే. అందుకే దేశమంతటికీ కలిపి చెప్పే సగటు ఆ రైతుకు అక్కరకు రాదు. విన్‌స్టన్‌లో దెబ్బతిన్న రాకిరాకి దగ్గరి పెనాంగ్‌ చక్కెర మిల్లు మూతపడింది. అక్కడి రైతులు చెరకును బా పట్టణం మిల్లుకు లారీల్లో తోలుకోవలసి వచ్చింది. నరికిన చెరకు దారిలో ఎంతసేపు ఎండితే తీపి అంత తగ్గుతుందని చెరకు పండించే ఏ అనకాపల్లి రైతును అడిగినా చెబుతాడు.

రేకుల ఇంటికి పైకప్పు వాసాన్ని గోడ దూలానికి బిగించే జానెడు ఇనుప పట్టీ ఒకటి ఉంటుంది. అది లేని ఇంటికి వట్టి మేకులే దిక్కు. గాలి కింది నుంచి ఎత్తగానే మేకు ఊడుతుంది, రేకు లేస్తుంది, ఆ తర్వాత గోడలు పడతాయి. ఎగిరిన రేకు పక్కింటివారి పాలిట కత్తి. కొత్త ఇల్లు కట్టివ్వడానికయ్యే ఖర్చుతో పోలిస్తే ఈ పట్టీలకయ్యేది ఎంత? అయినా కూలిన ఇంటికి దొరికే నిధులు నిలబడి ఉన్న ఇంటికి దొరకవు. 2021లో ఫిజీ చెరకు రైతులకు మొదలైన కొత్త తరహా బీమా ఈ విషయంలో మంచి దారి చూపింది. గాలివేగం, వాన నిర్ణీత హద్దు దాటితే చాలు, నష్టం లెక్కగట్టే అధికారి కోసం ఎదురుచూడకుండానే సొమ్ము చేతికొస్తుంది. అదే సూత్రాన్ని తుపానుకు ముందుకు జరపాలని మా విన్నపం.

భూమిని వేడెక్కించే వాయువుల్లో ఫిజీ వాటా వేయింట ఒక వంతు కూడా కాదు. కాబట్టి ఈ ఖర్చు ఆ చిన్న దేశం ఒక్కటే భరించాలనడం అన్యాయం. విన్‌స్టన్‌ తర్వాత భారత వాయుసేన విమానం సహాయ సామగ్రితో అక్కడికి వెళ్లింది, అది గర్వించదగిన పని. ఇక మీదట మన సాయం నవంబరుకు ముందే చేరాలి. అంచనా వెలువడిన వారంలో నిధి విడుదల కావాలి. వానలు తక్కువన్న చోటికి నీటి తొట్లు, ఎక్కువన్న చోట కాలువల పూడికతీత. పట్టీలు మాత్రం అంచనా ఏం చెప్పినా, ప్రతి రేకు కప్పుకూ, తొలి వాయుగుండం పుట్టకముందే.