జంట జలాశయాలకు పట్టా ఏదీ?

గండిపేట చెరువని పిలిచే ఉస్మాన్‌సాగర్, దాని జంట హిమాయత్‌సాగర్ల వల్ల హైదరాబాదు రియల్ ఎస్టేటు రంగం పడుతున్న కష్టాన్ని ఇంతవరకూ ఎవరూ సానుభూతితో పరిశీలించినట్టు లేదు. గజం ధర అంటే ఏమిటో తెలియని కాలంలో, ఒకటి 1920లోనూ మరొకటి 1927లోనూ వచ్చి, నగరానికి పడమటి వైపు బంగారం లాంటి భూమిని ముంచి కూర్చున్నాయి. వీటి పేరున పట్టా లేదు, పాసుపుస్తకం లేదు. పోనీ భూమి లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీద్దామన్నా దొరికేది హిమాయత్‌సాగర్‌లోకి పారే ఈసీ నది మాత్రమే. చాలదన్నట్టు 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో ఈ రెండింటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, కాలుష్య పరిశ్రమలతో పాటు పెద్ద హోటళ్లనూ నివాస కాలనీలనూ నిషేధించింది. నీటికి కట్ట వేయడం లోకంలో ఉన్నదే గాని, మేస్త్రీలకు కట్ట వేయడం ఎక్కడి న్యాయం?

2022 ఏప్రిల్‌లో 69 జీవో ఆ ఆంక్షలను తొలగిస్తున్నట్టు ప్రకటిస్తూ చూపిన కారణం ముచ్చటైనది: నగరం ఇప్పుడు తాగునీటికి ఈ జలాశయాల మీద ఆధారపడటం లేదట. నిజమే మరి. పల్లానికి తనంతట తానే పారివచ్చే నీటికి గౌరవం ఏముంటుంది? వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కృష్ణనూ గోదావరినీ మోటార్లతో ఎత్తిపోసి, కరెంటు బిల్లు కట్టి తాగితేనే మహానగరానికి మర్యాద.

ఈ సత్యం బోధపడి నేను కూడా ఒక ఆదివారం మొయినాబాదు వైపు ఒక వెంచరు చూడటానికి, వాళ్లే పంపిన కారులో, వాళ్లే ఇచ్చిన పులిహోర పొట్లం ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. ఎర్రమట్టి రోడ్డు కొత్తగా పోశారు; పసుపు రంగు పూసిన హద్దురాళ్లు వరసగా నిలబడి ఉన్నాయి; పందిరి కింద బల్ల మీది నమూనాలో స్పాంజి ముక్కలకు ఆకుపచ్చ రంగు వేసి చెట్లుగా గుచ్చారు. "ఈశాన్యంలో గండిపేట నీళ్లు సార్, ఇంతకంటే వాస్తు ఏం కావాలి?" అన్నాడు ఏజెంటు కుర్రవాడు. ఉత్తరపు ఒడ్డున స్థలం కొన్నవారి దురదృష్టం నాకు వెంటనే గుర్తొచ్చింది. వారికి ఇవే నీళ్లు దక్షిణాన పడతాయి గనుక, ప్రభుత్వం మానవతా దృక్పథంతో జలాశయాన్ని కాస్త అటువైపు జరిపి ఇవ్వాలని ఈ వ్యాసముఖంగా మనవి చేస్తున్నాను.

లేఅవుటు పటంలో 40 అడుగుల రోడ్డు అని రాసిన చోట, నేల మీద మాత్రం జమ్ము మొలిచిన పల్లం ఒకటి ఉంది. అది వాగు కదా అని అడిగాను. "వానాకాలంలో తప్ప రాదు సార్" అన్నాడు. ఏడాదికి రెండు నెలలు చుట్టపుచూపుగా వచ్చిపోయేదానికి సొంత జాగా ఎందుకన్న ఆ తర్కానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

1908 సెప్టెంబరు 28న మూసీ కూడా వానాకాలంలోనే వచ్చింది. వేల మంది కొట్టుకుపోయారు. ఆ తరువాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి, ఆయన సలహా మీద ఈ రెండు సాగరాలనూ కట్టించారు. ఆనాడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. అనుమతులూ లిఫ్టూ పార్కింగూ ఏవీ లేకుండా, అంత చిన్న జాగాలో అంతమందికి వసతి కల్పించిన బహుళ అంతస్తుల నిర్మాణం ఈ నగరంలో మళ్లీ రాలేదు.

అందుచేత, టోకెన్ అడ్వాన్సు జేబులోంచి తీసే ముందు, చింతచెట్టు దగ్గరలో ఉన్న ప్లాటు ఏదైనా ఖాళీగా ఉందా అని అడిగాను.

"చెట్లన్నీ తీసేయించాం సార్" అని ధైర్యం చెప్పాడు, "సైటు మొత్తం నీటుగా ఉంది."