గరిటె పట్టుకుని కుక్క వెనక

ఇది రాసే వేళకి గరిటె ఇంకా ఆరలేదు. అందుకే ముందు సంగతులన్నీ గబగబా. చిన్నకుక్క మూత్రసంచిలో రాళ్లు పడ్డాయి. పొట్ట కోసి తీశారు, కుట్లు వేశారు, ఇంటికి పంపేశారు. కుక్క మెడకి ప్లాస్టిక్ కోను, మన చేతికి మందుల సంచి, సంచిలో నాలుగు మడతల కాగితం. ఇంటికొచ్చింది మొదలు అది పడుకున్న చోటల్లా ఓ చిన్న చెరువు. షిట్జు అయినా, యార్క్‌షైర్ టెర్రియర్ అయినా, మినియేచర్ ష్నౌజర్ అయినా ఇంతే. అరచేతిలో పట్టే ఈ జాతులకే రాళ్ల మీద మక్కువ ఎక్కువ.

ఆ కాగితంలో కారడం గురించి ఒకే ఒక్క ముక్క ఉంటుంది: ‘కొద్దిగా కారవచ్చు. కంగారు పడవద్దు.’ ఈ ‘కొద్దిగా’ అన్న మాట రాసినవారు తమ పరుపు మీద కుక్కని పడుకోబెట్టి రాశారా, లేక బల్ల ముందు కూర్చుని రాశారా అన్నది తేలాలి. లెక్క చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి కిలో బరువుకి గంటకి 1 నుంచి 2 మిల్లీలీటర్ల మూత్రం తయారవుతుంది. నాలుగు కిలోల కుక్క అనుకుంటే రాత్రి ఎనిమిది గంటల్లో 32 నుంచి 64 మిల్లీలీటర్లు. అంటే రెండు నుంచి నాలుగు పెద్ద చెంచాలు. ఇందులో సగం కారినా చాలు, దుప్పటి దాటి, దాని కింది దుప్పటి దాటి, పరుపు లోపలికి వెళ్లి కాపురం పెట్టేస్తుంది. ఆస్పత్రిలో ఎక్కించిన సెలైన్ లెక్క దీని పైన.

కారడమంటే ఒకటే రకం అనుకుని కంగారు పడతాం గానీ, మూడు రకాలుంటాయి. పది నిమిషాలకోసారి పరుగెత్తుకెళ్లి, కూర్చుని, గులాబీ రంగులో నాలుగు చుక్కలు పోసి, మళ్లీ పరుగెత్తడం ఒకటి. అది ఆత్రం. కోసి కుట్టిన మూత్రసంచి గోడ వాచి ఉంటుంది కాబట్టి సంచిలో రెండు చెంచాలు చేరినా నిండిపోయినట్టు అనిపిస్తుంది దానికి. కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. రెండోది అసలైన కారుడు. హాయిగా నిద్రపోతూ ఉంటుంది, కింద తడి. లేచి ఆ తడిని చూసి, ‘ఎవరు చేశారిది?’ అన్నట్టు మనకేసి చూస్తుంది. ఇది మూత్రద్వారం బిగువు తగ్గడం వల్ల వచ్చేది. తగ్గకపోతే ఫినైల్‌ప్రొపనోలమైన్ లాంటి మందులున్నాయి, కానీ అవి రక్తపోటు పెంచుతాయి, కుక్కని కుదురుగా ఉండనివ్వవు. కాబట్టి డాక్టరు రాస్తేనే, రాసినంతే. మూడోదే ప్రమాదం. సంచి నిండిపోయి, దారి మూసుకుపోయి, పొంగి పొర్లి చుక్కలు చుక్కలుగా రావడం. ముక్కుతుంది, బయటికి ఏమీ రాదు, వాంతి చేసుకుంటుంది, పొట్ట బిగిసిపోతుంది. మగకుక్కల్లో ఎక్కువ. అలా కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. నిండిందో లేదో పొట్ట నొక్కి చూద్దామన్న ఉత్సాహం అసలే వద్దు. లోపల కొత్త కుట్లున్నాయి, ఆ గోడకి పాత బలం రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

ఇక ఇంట్లో అందరికీ ఒకేసారి తట్టే మహత్తరమైన ఆలోచన, నీళ్లు తగ్గిద్దామని. తగ్గిస్తే కారడం తగ్గుతుంది, మూత్రం చిక్కబడుతుంది, చిక్కబడితే మళ్లీ రాళ్లు. అంటే నీళ్లు ఇంకా ఎక్కువ తాగించాలి. తిండిలోనూ కలపాలి. పైనుంచి పోస్తూ కింద తుడుస్తూ ఉండడమే ఈ వైద్యం.

డైపర్ సంగతి. కాగితంలో దీని గురించి మాటే లేదు. ఆడకుక్క కోత పొట్ట మధ్యలో, మగకుక్క కోత అంగం పక్కన ఉంటుంది. మగవాటికి నడుం చుట్టూ కట్టే పట్టీ సరిగ్గా ఆ కుట్ల మీదికే వస్తుంది. తడిసిన పట్టీ కుట్ల మీద నాలుగు గంటలుంటే పుండు పచ్చిదవుతుంది. అందుకే కుట్లు విప్పే 10 నుంచి 14 రోజుల దాకా డైపర్ కంటే పడక కింద వాటర్‌ప్రూఫ్ గుడ్డ, దాని మీద తడి పీల్చే ప్యాడ్ మేలు. తర్వాత కట్టినా వెనక కాళ్లకి ముందు నడుం కొలిచి కొనాలి, కట్టాక రెండు వేళ్లు దూరాలి, రెండు మూడు గంటలకోసారి మార్చాలి. కుక్కల డైపర్ దొరక్కపోతే పసిపిల్లలది తిరగేసి, అంటించే చెవులు వీపు మీదికి వచ్చేలా కట్టొచ్చు. తోకకి చిల్లు పెట్టాలి, పెట్టిన చిల్లు అంచులకి టేపు వేయాలి. టేపు వేయకపోతే లోపలి జెల్ గింజలు ఒక్కొక్కటే రాలి, తడి తగిలి ఉబ్బి, ఇల్లంతా సగ్గుబియ్యం ఆరబోసినట్టుంటుంది. మెడకి కోను, వెనక డైపర్. రెండు చివర్లా ప్యాకింగు, మధ్యలో కుక్క. చర్మం ఎర్రబడితే గోరువెచ్చని నీళ్లతో కడిగి, అద్ది ఆరబెట్టి, పల్చగా పెట్రోలియం జెల్లీ రాయాలి. పిల్లల ర్యాష్ క్రీముల్లో జింక్ ఉంటుంది, నాకితే కుక్కకి విషం.

నేల మీద బ్లీచింగ్ పోయకండి. మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఘాటైన వాయువు లేస్తుంది. కుక్కా దగ్గుతుంది, మనమూ దగ్గుతాం. మూత్రపు మరకల్ని విరగ్గొట్టే ఎంజైమ్ ద్రావణం పోసి 10, 15 నిమిషాలు నాననివ్వాలి. వెంటనే తుడిచేస్తే డబ్బులు తుడిచినట్టే. ఇదంతా చేసి నడుం నిలబెట్టేసరికి కుక్క తల వంచుకుని వచ్చి, కోను అంచుని పారలా నేలకి ఆనించి, మిగిలిన చెరువుని ఎత్తుకుని, మధ్యగదిలో తల విదిలిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

కాగితం రెండో పేజీ అడుగున సన్నక్షరాల్లో: ‘ఏడో రోజు మూత్ర పరీక్ష. ఉదయపు మొదటి మూత్రం, మధ్యధార, 5 మి.లీ., శుభ్రమైన సీసాలో తేవలెను.’ తేవలెనట! మామూలుగా అయితే డాక్టరే సూదితో నేరుగా సంచిలోంచి తీస్తారు. శుభ్రమైన పద్ధతి అదే. కానీ పచ్చి కుట్లున్న సంచికి సూది గుచ్చరు. అలా ఆ పని మన మెడకి చుట్టుకుంటుంది. పోనీ పరుపు పిండి తీసుకెళ్దామంటే కుదరదు. నేల మీది సూక్ష్మజీవులన్నీ అందులో చేరి, కుక్కకి లేని జబ్బులన్నీ ఉన్నట్టు రిపోర్టు వస్తుంది.

అడక్కుండా రాత్రంతా ఇచ్చిన కుక్క, పొద్దున్నే అడిగితే ఇవ్వదు. మొదటి విషయం ఇది.

రెండో విషయం ఎత్తు. పెద్దకుక్క కూర్చుంటే దాని కింద బకెట్ పెట్టొచ్చు. నాలుగు కిలోల ఆడకుక్క కూర్చున్నాక నేలకీ దానికీ మధ్య మిగిలేది రెండు వేళ్ల సందు. ఆ సందులో సీసా పట్టదు, గిన్నె పట్టదు. వంటింటి సామానంతా కళ్లతోనే కొలిచి చూశాక తేలేది ఒకటే, పొడుగు కాడ ఉన్న లోతు తక్కువ గరిటె. సబ్బుతో కడిగి, సబ్బు వాసన పోయేదాకా కడిగి, మరిగే నీళ్లు పోసి, ఆరబెట్టాలి. సబ్బు మిగిలితే పరీక్ష తప్పుతుంది. ఇంట్లోవాళ్లు లేవకముందే ఇదంతా జరగాలని వేరే చెప్పక్కర్లేదు.

మూడో విషయం చేతులు. వాసన చూడనిదే కుక్క పోయదు, కోను ఉంటే వాసన చూడలేదు. కాబట్టి కోను తీయాలి. తీస్తే కుట్లు నాకుతుంది. కాబట్టి మెడతాడు పొట్టిగా ఒక చేత్తో పట్టుకోవాలి. రెండో చేతిలో గరిటె. మూడో చేతిలో సీసా. ఇంకా చీకటిగా ఉంటే నాలుగో చేతిలో టార్చి. దేవుళ్లకి అన్ని చేతులెందుకో అప్పుడు అర్థమవుతుంది.

కుక్క వాసన చూస్తుంది. అడుగు వేస్తుంది. చుట్టూ తిరుగుతుంది. మనమూ తిరుగుతాం. తోక ఎత్తుతుంది, నడుం దించుతుంది. గరిటె జారుతుంది కిందికి. చల్లటి స్టీలు తొడకి తగలగానే, వారం కిందట పొట్ట కోయించుకున్న ప్రాణి అడుగున్నర పైకి లేస్తుంది. తప్పు మనదే. ధార మొదలవ్వకముందే గరిటె పెట్టకూడదు. మొదలయ్యాక మనసులో ఒకటి, రెండు అనుకుని, వెనక పక్క నుంచి జరపాలి. ముందు వచ్చే చుక్కలు దారిలోని మురికిని కడుగుతాయి, అవి మనకొద్దు. మధ్యధార అంటే ఇదే. కాగితం ఈ ముక్క చెప్పదు. కాగితానికి తొడ లేదు, గరిటె తగల్లేదు.

మళ్లీ మొదలు. ఈసారి కుక్క ఆగి వెనక్కి చూస్తుంది. దాని చూపు మన మొహం మీద ఉండదు, గరిటె మీద ఉంటుంది. దాని జీవితంలో గరిటె అంటే ఒకటే అర్థం, అన్నం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ గరిటెతోనే దానికి పెడుతున్నాం. పొద్దున్నే ఆరుబయట ఆ గరిటె వెంటపడుతోందంటే ఇవాళ పండగన్నమాట. తిరిగి కూర్చుంటుంది, బుద్ధిగా, తోక ఊపుతూ. మనం దాని వెనక్కి వెళ్తాం, అది మన ముందుకి వస్తుంది. మనం ఇటు, అది అటు. గరిటె వెనక దాచుకుంటే మన వెనక్కి వస్తుంది. దాచిన గరిటె నాకుతుంది. నాకిన గరిటె పనికిరాదు, లాలాజలంలోనూ సూక్ష్మజీవులుంటాయి. లోపలికి, మళ్లీ కడుగు, మళ్లీ మరిగే నీళ్లు, మళ్లీ బయటికి. ఈ కాసేపట్లో అది గుమ్మంలో నాలుగు చుక్కలు వదిలేస్తుంది, మనకి సంబంధం లేనట్టు.

నడుం వంచి, మోకాళ్లు విరిచి, చేయి చాచి, ఊపిరి బిగబట్టి, కుక్క తోక కింద గరిటె పట్టుకుని కొయ్యబారి ఉన్న ఆ క్షణంలోనే ఎదురింటాయన వస్తాడు. ఆయన రోజూ ఆరింటికి లేచే మనిషి, ఆ రోజు మాత్రం ఐదుంబావుకే లేస్తాడు.

‘‘ఏమండీ, కుక్కకి భోజనం ఇక్కడే పెడుతున్నారా?’’

‘‘లేదండీ.’’

‘‘మరి గరిటె?’’

దీనికి పొట్టి జవాబు లేదు. పొడుగు జవాబు మొదలుపెడితే ధార మొదలవుతుంది. ధార మొదలైతే మనం ఒకటి, రెండు లెక్కపెట్టుకోవాలి. లెక్కపెడుతూ మాట్లాడలేం. మన మౌనాన్ని ఆయన ఆహ్వానం అనుకుంటాడు. దగ్గరికొచ్చి, తనూ వంగి, గరిటెలోకి తొంగిచూసి, ‘‘మా కుక్కకి ఇలాంటివేం లేవండీ’’ అంటాడు. కొత్త మనిషి వాసనకి కుక్క లేచి నిలబడుతుంది. ధార ఆగుతుంది.

అప్పటికి గరిటెలో ఉన్నది నాలుగు మిల్లీలీటర్లు. ఒక గడ్డిపరక, ఒక చీమ. చీమ బతికే ఉంది.

నాలుగు చాలు, నిజానికి మూడున్నా చాలా పరీక్షలు చేయొచ్చు. అయిదు అని రాయడం ఎందుకో వాళ్లకే తెలియాలి. గరిటెలోంచి ఇరుకుమూతి సీసాలోకి వంచేటప్పుడు ఒక మిల్లీలీటరు మన బొటనవేలు ఉంచుకుంటుంది. వెడల్పు మూతి ఉన్న సీసా ముందే అడిగి తెచ్చుకోవాల్సింది. సీసా మీద కుక్క పేరు, తేదీ, తీసిన సమయం రాయాలి. సమయం రాయకపోతే దాని విలువ సగం పోతుంది. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టమని కాగితమే చెబుతోంది. మూడు కవర్లు చుట్టి, ‘తాగొద్దు’ అని రాసి, వెనక అరలో పెడతాం.

పదింటికి ఆస్పత్రిలో తీసుకుంటారు. మధ్యాహ్నం ఫోన్.

‘‘స్ఫటికాలు కనిపించాయండీ, రాళ్లు కట్టేది వీటితోనే. అవి కుక్కవా, ఫ్రిజ్‌వా చెప్పలేం. చల్లబడితే వాటంతట అవే ఏర్పడతాయి. తాజాది తెచ్చేయండి, తీసిన అరగంటలోపు.’’

‘‘ఫ్రిజ్‌లో పెట్టమని మీ కాగితంలోనే ఉందండీ.’’

‘‘అది వేరే పరీక్షకండీ.’’

ఆస్పత్రి తలుపు తెరిచేది పదింటికి. కుక్క కుళాయి తెరిచేది ఐదున్నరకి.