బరోనియుస్‌ని సగం చెప్పి వదిలేయకండి

కార్డినల్ (పోపుని ఎన్నుకునే పెద్ద గురువుల్లో ఒకడు) సీజర్ బరోనియుస్ పేరెత్తితే రెండు రకాల మాటలే వినిపిస్తాయి. భక్తిగా చెప్పేవాళ్లు ఆయన వంటింట్లో గిన్నెలు తోమిన కథ చెప్పి, ఎంత వినయమో చూడండి అని ఆపేస్తారు. గిట్టనివాళ్లు పోపులకు కొమ్ముకాసిన చరిత్రకారుడని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. రెండూ విని విని ఒళ్లు మండి ఈ పోస్ట్ రాస్తున్నాను. తాను ప్రాణంగా ప్రేమించిన శ్రీసభ, అంటే కతోలిక సంఘం గురించి చేదు నిజాలు రాసి, అలా రాసినందుకు నష్టపోయిన మనిషి ఆయన. ఆ సంగతి ఇటువాళ్లూ చెప్పరు, అటువాళ్లూ చెప్పరు.

1538లో సోరా అనే ఊళ్లో పుట్టాడు. ఆ ఊరు నేపుల్స్ రాజ్యంలోది. నేపుల్స్ అప్పట్లో స్పెయిన్ రాజు ఏలుబడిలో ఉండేది. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. న్యాయశాస్త్రం చదువుకుంటూ 1557లో రోముకు వచ్చి, పునీత ఫిలిప్ నేరి శిష్యుల్లో చేరిపోయాడు. కుర్రాడు నోరు విప్పితే చావు గురించీ నరకం గురించీ ప్రసంగించేవాడట. నేరి అది మాన్పించి, శ్రీసభ చరిత్ర చెప్పమని పురమాయించాడు. బరోనియుస్‌కి అది ససేమిరా ఇష్టం లేదు. గురువు మాట కాదనలేక మొదలుపెట్టాడు. మొదటి శతాబ్దం నుంచి తన కాలం దాకా చెప్పడం, అయిపోగానే మళ్లీ మొదటికి రావడం. ముప్పై ఏళ్లలో అలా ఏడుసార్లు చెప్పాడు. ఆ శిష్యులుండే ఇంట్లో వంట పని కూడా బరోనియుస్ మీదే పడేది. పొయ్యి పైన పొగగూటి మీద ‘సీజర్ బరోనియుస్, శాశ్వత వంటవాడు’ అని రాసుకున్నాడని చెబుతారు. మంచి కథే. కానీ అక్కడితో ఆపేస్తే ఎలా?

అప్పటికి, పోపుని ధిక్కరించి బయటికెళ్లిన లూథర్ పక్షం పండితులు చరిత్రనే ఆయుధం చేసుకున్నారు. 1559 నుంచి 1574 దాకా శతాబ్దానికొక సంపుటం చొప్పున పదమూడు సంపుటాలు తెచ్చారు. పోపులు అసలు విశ్వాసాన్ని ఎలా చెడగొట్టారో చూపించడమే వాళ్ల ఉద్దేశం. దానికి రోము తరఫున వచ్చిన జవాబే బరోనియుస్ ‘అన్నాలెస్ ఎక్లెసియాస్టికి’, అంటే శ్రీసభ ఏటేటి చరిత్ర. మొదటి సంపుటం 1588లో, పన్నెండోది 1607లో, అంటే ఆయన పోయిన ఏడాదే వచ్చాయి. ఏసుక్రీస్తు నుంచి 1198 దాకా ఏ ఏడుకాయేడు రాసుకుంటూ పోయాడు. పాత ఉత్తరాలు, మహాసభల తీర్మానాలు, శాసనాలు, నాణేలు, దొరికినదల్లా తిరగేశాడు. 1578లో రోము బయట సలారియా రోడ్డు పక్కన భూమిలో పాత క్రైస్తవ సమాధుల సొరంగాలు బయటపడితే, స్వయంగా దిగి చూసి, నేల కింద ఇంకో నగరం ఉందని ఆశ్చర్యపోతూ రాశాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అవతలివాళ్లు పోపుల తప్పులు ఏరి ఏరి చూపిస్తున్నారు. వాళ్లకి జవాబు రాసే మనిషి ఏం చేస్తాడు? మామూలుగా అయితే ఆ తప్పులు దాస్తాడు, లేదా నాలుగు ముక్కల్లో దాటేస్తాడు. బరోనియుస్ 900వ సంవత్సరం దగ్గరికి వచ్చేసరికి ఆగి, ఇక్కడ కొత్త యుగం మొదలవుతోంది అని చెప్పి మరీ రాశాడు. మంచి అనేది మొలవని కరకుదనం వల్ల దీన్ని ఇనుప యుగం అనాలి, చెడు ముంచెత్తినందువల్ల సీసపు యుగం అనాలి, రాసేవాళ్లే కరువైనందువల్ల చీకటి యుగం అనాలి అన్నాడు. ఆ కాలంలో రోములో పెత్తనం చేసిన కుటుంబాల గురించి, తమ మనుషుల్ని పేతురు పీఠం మీద, అంటే పోపు గద్దె మీద కూర్చోబెట్టిన ఆడవాళ్ల గురించి మాట మింగకుండా రాశాడు. ఇంకో చోట ఆయన రాసిన మాట చదివితే ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది. ఆ రోజుల్లో క్రీస్తు దోనెలో గాఢనిద్రలో ఉన్నట్టున్నాడట. అంతకంటే ఘోరం, కేకలేసి ఆయన్ని లేపాల్సిన శిష్యులంతా గురకపెడుతున్నారట!

ఈ మాటలు రాసింది లూథర్ మనిషి కాదు. రాసేనాటికి ఆయన కార్డినల్, వాటికన్ గ్రంథాలయ అధిపతి, పోపు ఎనిమిదో క్లెమెంట్‌కి పాపసంకీర్తనం వినే గురువు. అవతలివాళ్ల చేతికి మనమే కత్తి ఇచ్చినట్టవుతుందని ఆయనకు తెలియక కాదు. తప్పులున్నా శ్రీసభ నిలబడింది కదా, దాన్ని నిలబెట్టింది దేవుడే కదా అన్నది ఆయన నమ్మకం. ఆ ధైర్యంతోనే రాశాడు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి పోపుకి రాజ్యాధికారం రాసిచ్చాడనే పత్రం అసలైనది కాదని కూడా ఒప్పుకున్నాడు.

1605లో పదకొండో సంపుటం వచ్చింది. 1098లో పోపు రెండో అర్బన్ సిసిలీ ఏలికకు ప్రత్యేక హక్కులిచ్చాడని చెప్పి, సిసిలీలో శ్రీసభ వ్యవహారాలన్నీ స్పెయిన్ రాజులు తమ గుప్పిట్లో పెట్టుకున్నారు. ఆ హక్కుకి ఆధారం లేదని బరోనియుస్ అందులో రాసేశాడు. తాను పుట్టిందే ఆ రాజు ఏలుబడిలో! సరిగ్గా అదే ఏడాది పోపు ఎన్నిక రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ ఆయన పేరు గట్టిగా వినిపించింది. రెండుసార్లూ స్పెయిన్ అడ్డుపడింది. తర్వాత ఆ సంపుటాన్ని తన రాజ్యాల్లో నిషేధించింది కూడా. నిజం చెప్పాలంటే ఆ వాదనలో బరోనియుస్ పొరబడ్డాడు. అర్బన్ ఇచ్చిన పత్రం అసలైనదేనని ఈనాటి చరిత్రకారుల మాట. అయినా తాను నిజమని నమ్మింది రాశాడు. దాని కోసం పేతురు పీఠాన్నే వదులుకున్నట్టయింది.

ఆయన్ని పునీతుణ్ణి చేసి మాట్లాడమని అనట్లేదు. గ్రీకు సరిగ్గా రాదు, దానివల్ల బోలెడు తప్పులు దొర్లాయి. కాసొబాన్ అనే ప్రొటెస్టంట్ పండితుడు 1614లో మొదటి సంపుటంలోని కొంత భాగాన్ని పట్టుకునే ఒక లావుపాటి పుస్తకం నిండా వాటిని ఎత్తిచూపాడు. వెనిస్‌తో తగువొచ్చినప్పుడు బరోనియుస్ పోపుకి ఇచ్చిన సలహా నాకు అస్సలు మింగుడుపడదు. పేతురుకి అప్పగించిన పనులు రెండు, గొర్రెల్ని మేపడం ఒకటి, చంపుకొని తినడం రెండోది అన్నాడు. అదీ ఆయనే. పాగి అనే ఫ్రాన్సిస్కన్ గురువు ఆ పుస్తకంలోని సంవత్సరాలన్నీ తిరగతోడి దిద్దాడు. తర్వాత ఇటలీలోని లుక్కా పట్టణంలో అచ్చేసినప్పుడు బరోనియుస్ మాటల కిందే పాగి దిద్దుబాట్లూ వేశారు. ఆ పని చేసింది కతోలికులే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈమధ్య ఒక విచారణ (ఒక గుడి కింద ఉండే కతోలికుల సంఘం) జూబిలీ సంచికకి వ్యాసం అడిగితే రాసిచ్చాను. ఒకప్పుడు ఆ గుళ్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో కులం చూసి చెప్పేవాళ్లని పెద్దవాళ్లు నాతో అన్న మాటలు అందులో రెండు పేరాలు రాశాను. ఆ రెండూ తీసేశారు. సభకి మచ్చ తెస్తారా అన్నారు. 2022లో పూల ఆంథోని గారు దళితుల్లోంచి తొలి కార్డినల్ అయితే మనమంతా పండగ చేసుకున్నాం, చేసుకోవాల్సిందే. మరి ఆ రోజు రావడానికి 2022 దాకా ఎందుకు పట్టిందో మన సంచికల్లో ఎవరు రాస్తారు? స్వాతంత్ర్యం రాకముందు సంగతులకే ఇంత భయమైతే ఇక చరిత్ర పేజీలెందుకు, ఫొటోలూ శుభాకాంక్షలూ వేసుకుంటే సరిపోతుంది కదా!

ఆ రెండు పేరాలూ వచ్చే సంచికలోనైనా వేయండి. నేను రాసినదాంట్లో తప్పుంటే తీసేయడం కాదు, పాగి చేసినట్టు కింద దిద్ది వేయండి.